పాల పంపుకి మూడు కొటేషన్లు

మా ఆయన మూర్తిగారు ఇంట్లోకి చీపురు కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పిస్తారు. అతిశయోక్తి అనుకోకండి. దుబాయ్ పక్కన అజ్మాన్‌లో కాపురం పెట్టిన కొత్తలో చీపురు కోసం మూడు సూపర్‌మార్కెట్లు తిరిగి, మూడు చీపుళ్లనీ ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూసుకుని, నాలుగో రోజున మొదటి కొట్లో చూసిన చీపురే పట్టుకొచ్చారు. ఆ నాలుగు రోజులూ నేను ఇల్లంతా అట్టముక్కతో ఊడ్చాను.

షార్జాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఆయన పర్చేజ్ ఇంజినీరు. సైట్లో గోతుల్లో ఊరే నీళ్లు తోడే పంపుల దగ్గర్నుంచి గోడకి కొట్టే మేకుల దాకా అన్నీ ఆయన చేతిమీదుగానే కొనాలి. ఆఫీసులో ఆయన పద్ధతికి మంచి పేరుంది. ఆ పద్ధతిని ఇంటికి మోసుకొచ్చినప్పుడే నాకు ఒళ్లు మండుతుంది.

రెండువేల పదమూడులో మాకు అక్షయ పుట్టింది. ఇక్కడ ప్రైవేటు కంపెనీల్లో ప్రసూతి సెలవు నలభై అయిదు రోజులు. నలభై ఆరో రోజు పొద్దున దుబాయ్ దేరాలోని మా షిప్పింగ్ ఆఫీసులో నా కుర్చీలో నేను కనబడాలి. పిల్లకా, డబ్బా పాలు పడలేదు. రెండు రకాలు పట్టి చూశాం. రెండింటికీ ఒళ్లంతా దద్దుర్లు, పైగా విరేచనాలు. డాక్టరమ్మ డబ్బా మూత పెట్టేసి, కొన్నాళ్లు తల్లిపాలే ఇవ్వమంది.

పురుడు పోయడానికి మా అత్తగారు చాముండేశ్వరిగారు కాకినాడ నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. ఆవిడ వీసా అయిపోవస్తోంది. నేను ఆదివారం ఆఫీసులో చేరితే, ఆ శుక్రవారమే ఆవిడ ఫ్లైటు. ఈ విషయంలో ఆవిడది మొదటినుంచీ ఒకటే మాట.

"ఇందులో ఆలోచించేదేముందే అమ్మాయ్? పిల్లని నాతో పంపించెయ్యి. మీ ఆడపడుచు కూడా పచ్చి బాలింతే కదా, దాని దగ్గర ఇద్దరికి సరిపడా పాలున్నాయి. ఏడాది తిరిగేసరికి నడిచేస్తుంది, అప్పుడొచ్చి తెచ్చుకుందురుగాని. మీ బిల్డింగులో ఎంతమంది పంపలేదూ?"

నిజమే, చాలామంది పంపారు. రెండో అంతస్తులో ఒకావిడ పంపింది. పద్దెనిమిది నెలలయ్యాక తీసుకురావడానికి వెళ్తే, పిల్లాడు ఆవిణ్ణి చూసి మంచం కిందికి దూరాడట. ఆ సంగతి విన్నప్పటినుంచీ నాకు మంచం చూస్తేనే భయం.

అదే బిల్డింగులో మూడో అంతస్తులో తబితా అని నరసాపురం అమ్మాయి ఉంది. నర్సు చదువు చదివి, ఇక్కడి పరీక్ష కోసం ఎదురుచూస్తూ, ఈలోగా తన ఇంట్లో ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకుంటోంది. అక్షయని చూస్తావా అని అడిగితే వెంటనే ఒప్పుకుంది.

"చూస్తానండీ సుధగారూ, దానికేం? కానీ పొద్దున్నే నాలుగు సీసాలు పాలు నా ఫ్రిజ్‌లో ఉండాలండి. నాలుగంటే నాలుగు. ఆకలేసి ఏడ్చే పిల్లకి నేను ప్రార్థన తప్ప ఇంకేం పట్టగలనండీ?"

అదీ లెక్క. రోజుకి నాలుగు సీసాలు తీయగలిగితే పిల్ల నా దగ్గర ఉంటుంది. తీయలేకపోతే కాకినాడ వెళ్తుంది. పిల్ల పాస్‌పోర్టు వచ్చిన రోజే "నా దగ్గరైతే జాగ్రత్తగా ఉంటుంది" అంటూ అత్తగారు తన హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు కూడా.

"నాకు పాల పంపు కావాలండీ" అన్నాను ముప్పయ్యో రోజున. నేను చేసిన తప్పల్లా ఆ మాట మా ఆయనతో అనడం.

పంపు అనగానే ఆయన కళ్లు మెరిశాయి. ఆ సాయంత్రమే లాప్‌టాప్ తెరిచి పట్టిక గీశారు. తయారీదారు, తయారైన దేశం, లాగే శక్తి, మోటారు, వారంటీ, విడిభాగాలు, సర్వీసు సెంటరు, మొత్తం పదకొండు గళ్లు. మర్నాడు నన్నూ ఫార్మసీకి తీసుకెళ్లారు. కౌంటరులో ఉన్న ఫిలిప్పీనో అమ్మాయిని, "ఇది నిమిషానికి ఎన్ని లీటర్లు తోడుతుంది?" అని ఇంగ్లీషులో అడిగారు.

"లీటర్లా సర్?" అంది ఆ అమ్మాయి.

"పోనీ, పాలు లేకుండా ఆడిస్తే మోటారు కాలిపోతుందా?"

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను పౌడరు డబ్బాల వంక చూశాను. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది గానీ, అది గ్రౌండ్ ఫ్లోరు, కింద పార్కింగు.

అలా మూడు ఫార్మసీలు, మూడు కొటేషన్లు. ఒక రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ఏవండీ, వాడేదాన్ని నేను కదా, నాకేం కావాలో ఒక్కసారైనా అడగరేం?"

"వాడేవాళ్లని ముందే అడిగితే కొనుగోలు జరగదు సుధా" అన్నారు ఆయన, చారు జుర్రుకుంటూ. "సైట్ వాళ్లని అడిగామనుకో, జర్మనీదే కావాలంటారు. వస్తువు తెచ్చి ముందు పెడితే నోరుమూసుకుని సంతకం పెడతారు."

ఆయన తయారుచేసిన ఫారం అడుగున నిజంగానే 'ఎండ్ యూజర్ సంతకం' అని ఒక గడి ఉంది. అందులో 'సుధ తరఫున' అని రాసి ఆయనే గిలికేశారు.

నలభై మూడో రోజున మెషిన్ వచ్చింది. రెండు గొట్టాలు, రెండు గరాటాలు, ఒక పెద్ద మోటారు పెట్టె. ఎత్తితే మూడు లీటర్ల కుక్కరు నిండా పప్పుతో ఉన్నంత బరువు. స్విచ్చి వేయగానే పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"ఇదేవిట్రా మూర్తీ, పిండి రుబ్బేదా?" అన్నారు అత్తగారు.

ఉన్న మాట చెప్పాలి, ఇంట్లో అది బాగానే పనిచేసింది. పావుగంటలో ఒక సీసా నిండింది. మా ఆయన సీసాని దీపం దగ్గర పెట్టి గీతలు చూసి, "చూశావా?" అన్నారు, ఆ పాలు తానే ఇచ్చినట్టు. నేనూ నవ్వాను. ఆ క్షణంలో ఆయన మీద ప్రేమ కూడా కలిగింది. అత్తగారు మాత్రం నవ్వలేదు.

ఆదివారం ఆఫీసుకి బయల్దేరాను. నెలవారీ కారులో నలుగురు ఆడవాళ్లం కలిసి వెళ్తాం. ఆ రోజు అయిదో మనిషిలా మెషిన్ నా ఒళ్లో కూర్చుంది.

మా ముదీర్, అంటే మా మేనేజరు, జోర్డాన్ ఆయన. మనిషి మంచివాడే గానీ గొంతు పెద్దది. పాలిచ్చే తల్లికి రోజుకి రెండు అరగంటలు ఇవ్వాలని ఇక్కడి చట్టం. అది ఆయనకీ తెలుసు, అడగ్గానే సరేనన్నాడు. వచ్చిన చిక్కల్లా చోటు దగ్గరే. మా ఆఫీసు గదులన్నీ అద్దాలవి. బాత్రూము ఆ అంతస్తులోని మూడు కంపెనీలకీ కలిపి ఒకటే, అందులో ప్లగ్గు లేదు. లోపల గడియా, ప్లగ్గూ రెండూ ఉన్నది ఒక్క సర్వర్ గదికే. ముదీర్ పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా తాళం నా చేతిలో పెట్టాడు.

సర్వర్ గది అంటే మనుషులకి కాదు, కంప్యూటర్లకి ఏసీ వేసిన గది. స్వెట్టరు తొడుక్కుని వెళ్లాను. నేలమీద ప్లగ్గులు వరసగా ఉన్నాయి, ఒక్కటీ ఖాళీ లేదు. ఒక ప్లగ్గుకి ఎర్ర టేపు చుట్టి, తీయవద్దని ఇంగ్లీషులో రాశారు. మిగతావాటికి టేపు లేదు. టేపు లేనివి తీయవచ్చనే కదా అర్థం? చదువుకున్నదాన్ని, నాకలాగే అర్థమైంది. ఒకటి పీకి, నాది పెట్టాను.

గదిలో అప్పటిదాకా ఉన్న హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. అమ్మయ్య, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను. నా మెషిన్ ఒక్కటే ఘుర్రు ఘుర్రుమంటోంది. పాలు బొట్టు బొట్టుగా పడుతున్నాయి.

అప్పుడు బయట గోల మొదలైంది. జెబెల్ అలీ రేవులో ఉన్న ఓడకి కాగితాలు పంపడానికి గడువు మధ్యాహ్నం రెండింటిదాకానే. పదిహేడు కంటైనర్ల కాగితాల్లో తొమ్మిదింటివే వెళ్లాయి. అప్పటికి టైము ఒంటిగంటా నలభై.

తలుపు దబదబా మోగింది. "సుధా! సిస్టమ్ డౌన్! ఓపెన్!"

"ఫైవ్ మినిట్స్ సర్!"

"వాట్ ఫైవ్ మినిట్స్? షిప్, యా సుధా! షిప్!"

నా రెండు చేతులూ రెండు గరాటాలు పట్టుకుని ఉన్నాయి. ప్లగ్గు తిరిగి పెట్టాలంటే లేవాలి, లేవాలంటే గొట్టాలు పీకాలి. తలుపు గడియ చూస్తే ఊగుతోంది. దేవుడా, నా పరువు ఈ గడియ మీద వేలాడుతోంది కదా అనుకున్నాను.

అప్పుడు బయటి నుంచి ఒక ఆడగొంతు వినబడింది. "ముదీర్! అందర్ ఔరత్ హై! హరామ్! పీఛే హటో!"

లోపల ఆడమనిషి ఉంది, వెనక్కి తగ్గమని అరుస్తున్నది హుస్సేనమ్మ. మా ఆఫీసులో టీ పెట్టేది, తుడిచేది ఆవిడే. రాయచోటి మనిషి, వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. తర్వాత తెలిసింది, మాపు కర్ర తలుపుకి అడ్డంగా పట్టుకుని నిలబడిందట. నలభైమందిని గడగడలాడించే ముదీర్ మూడడుగులు వెనక్కి వేశాడట. నేను స్వెట్టరు కప్పుకుని గడియ తీస్తే, ఆవిడ పక్కకి తిరిగి లోపలికి దూరి మళ్లీ గడియ పెట్టింది. నన్ను చూసింది, తీగల్ని చూసింది.

"యాడ పీకినావో ఆడ పెట్టు తల్లీ" అంది.

పెట్టాను. సర్వర్లు నిద్ర లేవడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఎనిమిది కంటైనర్లు ఓడ ఎక్కలేదు.

ముదీర్ నన్ను పిలిచి, ఆశ్చర్యం, అరవలేదు. "నీ అరగంట నీ హక్కు, నేను కాదనను" అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత నా ఒళ్లో ఉన్న పెట్టె వైపు వేలు చూపించాడు. "ఇది మాత్రం ఖలాస్. రేపట్నుంచి ఈ ఆఫీసు గుమ్మం దాటి రాకూడదు."

సాయంత్రం ఇంటికొచ్చి జరిగింది చెప్పేసరికి మా ఆయన మొహం పాలిపోయింది. పట్టిక తెరిచి పైనుంచి కిందికి చూసుకున్నారు. "పదకొండు గళ్లు పెట్టాను, వాడే చోట ప్లగ్గు ఉందా లేదా అన్న గడి ఒక్కటీ పెట్టలేదు. నువ్వైనా చెప్పలేదే!"

"మీరు అడిగారా? నా సంతకం కూడా మీరే పెట్టేశారు కదా! ఆ గొట్టాలేవో కూడా మీరే పెట్టుకుని మీ సైట్లో కూర్చోండి!"

"తగవులెందుకర్రా" అన్నారు అత్తగారు వంటింట్లోంచి, చాలా శాంతంగా. "కాకినాడలో ప్లగ్గులు లేకుండానే పాలొస్తాయి."

సోమవారం ఇంట్లో తీసిన రెండు సీసాలు పెట్టి వెళ్లాను. పదకొండున్నరకే ఫోన్ మోగింది. ఎత్తితే అత్తగారు మాట్లాడలేదు. ఫోన్ పిల్ల నోటి దగ్గర పెట్టారు. అక్షయ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు చెవిన పడగానే నా ప్రమేయం లేకుండా పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. అక్కడ పిల్లకి పాలు లేవు, ఇక్కడ పాలు బట్టల పాలు. ఫైలు ఒకటి గుండెకి అడ్డం పెట్టుకుని టీ గదిలోకి పరుగెత్తి, పంచదార డబ్బాల మధ్య నిలబడి ఏడ్చాను.

హుస్సేనమ్మ టీ పొయ్యి ఆపింది. "యాల ఏడుచ్చాండావు?"

"మెషిన్ రానివ్వరు హుస్సేనమ్మా. నాలుగు సీసాలు లేకపోతే శుక్రవారం పిల్లని పంపించెయ్యాలి."

"మిషన్ లేకుంటే పాలు రావా? మిషన్లు పుట్టకముందు బిడ్డలు బతకలేదా?" అంది ఆవిడ. టీ గది వెనక మాపులు, బకెట్లు పెట్టుకునే చిన్న కొట్టు ఉంది. అందులో ఒక బకెట్ బోర్లించి నన్ను కూర్చోబెట్టింది. చేతులు కడుక్కోమంది. గుడ్డ వేన్నీళ్లలో ముంచి కాపడం పెట్టింది. మరిగించిన నీళ్లతో గాజు గిన్నె కడిగి నా చేతికిచ్చింది.

"లాగొద్దు. లాగితే నొప్పి. బొటనేలు పైన, నాలుగేళ్లు కింద. ముందు రొమ్ములోకి యెనక్కి అదుము, అప్పుడు పిండు. బిడ్డని తలుచుకో. ముదీర్ని తలుచుకోవద్దు, ఉన్న పాలు ఇరిగిపోతాయి."

నాకు ఏడుపులో నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే సన్నటి ధార గిన్నెలో పడింది. గిన్నె అడుగు చప్పుడు చేసింది. ఆవిడ తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ "చాయ్ నహీ హై, బాద్ మే ఆవో" అని చెప్పింది. ఆ అరగంటా ఆఫీసులో ఎవరికీ టీ లేదు.

సీసా మూత బిగించి టీ గది ఫ్రిజ్‌లో, ముదీర్ మజ్జిగ ప్యాకెట్ల పక్కన పెట్టాను. హుస్సేనమ్మ ఎక్కడినుంచో ఎర్ర టేపు తెచ్చి సీసా చుట్టూ అతికించింది. అది సర్వర్ గది టేపే. తీయవద్దన్న అక్షరాలు బయటికే ఉన్నాయి.

మంగళవారానికి మూడు సీసాలయ్యాయి. కానీ చేతులు లాగేస్తున్నాయి, టైపు చేస్తుంటే వేళ్లు వణుకుతున్నాయి. అరగంటలో చేత్తో ఇంకో సీసా తీయడం నావల్ల కాదు. ఆ సాయంత్రం మా ఆయన నన్ను తీసుకెళ్లడానికి ఆఫీసుకి వచ్చారు. చేతిలో కాగితం, కొత్త పట్టిక. ఈసారి పద్నాలుగు గళ్లు. హుస్సేనమ్మని పరిచయం చేశాను. ఆయనలోని పర్చేజ్ ఇంజినీరు ఊరుకుంటాడా?

"ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారమ్మా? నర్సింగ్ ట్రైనింగేమైనా అయ్యారా?"

"ట్రైనింగా సార్?" ఆవిడ కప్పులు కడుగుతూనే ఉంది. "నా కొడుకు మూడు నెల్ల బిడ్డప్పుడు నేను ఈ దేశం వచ్చినా. కఫీల్ ఇంట్లో, అదే నాకు వీసా ఇచ్చిన అరబ్బు ఇంట్లో పని. పాలు ఆగవు గదా సార్, దానికేం తెలుసు బిడ్డ రాయచోటిలో ఉండాడని. రెండు నెల్లు దినామూ ఇట్లే పిండి సింకులో పోసినా. వానికి మా అక్క బర్రెపాలు పట్టె."

ఆవిడ కప్పు బోర్లించి మళ్లీ అంది. "ఇప్పుడు వాడు లారీ తోల్తాడు. అమ్మా అనే పిలుచ్చాడు, మంచోడే. కానీ మా అక్కకి చెప్పే మాటలు నాకు చెప్పడు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు సీసాలో పోచ్చాండావు. నువ్వెందుకు ఏడ్చాల?"

మా ఆయన చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు. కారెక్కాం. అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు, నా వంక చూడకుండానే అడిగారు.

"సుధా, నీకేం కావాలి?"

పెళ్లయిన నాలుగేళ్లలో ఒక వస్తువు గురించి ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఏడుపు బయటపడకుండా విసుక్కున్నాను. "ముందు ఫార్మసీకి పోనివ్వండి."

ఫార్మసీ అమ్మాయి మా ఆయన్ని గుర్తుపట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన చేతులు కట్టుకుని, "ఎండ్ యూజర్ వచ్చారు" అని నన్ను చూపించి పక్కకి నిలబడ్డారు. నేను అడిగాను. ప్లగ్గు అక్కర్లేనిది ఉందా? చప్పుడు చేయనిది? హ్యాండ్‌బ్యాగులో పట్టాలి, ఒక చేత్తో వాడగలగాలి, టీ గది సింకులో రెండు నిమిషాల్లో కడిగేసుకోగలగాలి. ఆ అమ్మాయి మొహం వికసించింది. కింది అరలోంచి పిడికెడంత ఉన్న చేతి పంపు తీసింది. గరాటా, ఒక పిడి, సీసా, అంతే. ఖాళీగా నొక్కి చూశాను, చీమ చప్పుడు కూడా లేదు. వేళ్లకి భారం లేదు. మా ఆయన పెదవులు 'వారంటీ' అన్నట్టు కదిలాయి. ఒక్క చూపు చూశాను, మూసుకున్నారు.

ముందు హుస్సేనమ్మ చెప్పినట్టు చేత్తో అదమడం, ధార మొదలయ్యాక ఈ చేతి పంపు. బుధవారం మూడున్నర సీసాలు. గురువారం, తెల్లవారి ఇంట్లో పెద్ద మెషిన్‌తో ఒకటి, మాపుల కొట్లో రెండు, ఇంటికొచ్చాక ఒకటి. ఫ్రిజ్‌లో నాలుగు సీసాలు వరసగా నిలబెట్టి తలుపు వేశాను. మళ్లీ తీసి చూశాను. మళ్లీ వేశాను.

శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు పెట్టె సర్దుకుంటున్నారు. వెళ్లి చూద్దును కదా, సగం పెట్టె అక్షయ బట్టలే. లంగోటీలు, చిన్న టోపీలు, గ్రైప్ వాటర్ సీసా, అన్నీ మడతలు పెట్టి ఉన్నాయి.

"నాలుగు సీసాలూ ఉన్నాయి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ లేచి వెళ్లి ఫ్రిజ్ తెరిచి లెక్కపెట్టారు. రెండుసార్లు లెక్కపెట్టారు. తిరిగొచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసి మంచం మీద పెట్టారు. తర్వాత పెట్టెలోంచి చిన్న బట్టలు ఒక్కొక్కటీ బయటికి తీయడం మొదలుపెట్టారు. నాకు గెలిచినంత సంతోషం. ఊరుకోవచ్చు కదా? నోరు ఊరుకోదు. హుస్సేనమ్మ చెప్పిన విద్య అంతా పూసగుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

"లాగకూడదు, ముందు వెనక్కి అదిమి అప్పుడు పిండాలి, అంతేగా?" అన్నారు ఆవిడ, నేను సగంలో ఉండగానే.

నేను ఆగిపోయాను. "మీకు తెలుసా?"

"ముగ్గుర్ని కన్నదాన్ని. తెలియకేం?"

"మరి ఆదివారం నుంచీ నేను చస్తుంటే చెప్పలేదేమండీ?"

ఆవిడ చేతిలో గులాబీరంగు టోపీ ఉంది. దాన్ని మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు.

"చెబితే పిల్లని నాతో ఎందుకు పంపుతావే?" అన్నారు.

నా సంగతి మీకీపాటికి తెలిసే ఉంటుంది. నోటి చివరికి పది మాటలొచ్చాయి, పదీ పదునైనవే. కానీ యాభై రోజులుగా ఈ పిల్లకి రెండు పూటలా నలుగుపెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది ఆవిడే. కడుపు నొప్పితో పిల్ల కేకలు పెట్టిన రాత్రుళ్లు నన్ను నిద్రపొమ్మని భుజాన వేసుకుని హాల్లో తిరిగింది ఆవిడే. పాలు సింకులో పోసుకున్న హుస్సేనమ్మ గుర్తొచ్చింది. ఆవిడా, ఈవిడా, నేనూ, ముగ్గురం ఒళ్లో ఒక బిడ్డ కోసమే కదా కొట్టుకుంటున్నాం అనిపించింది.

ఒక సీసా తీసి వేన్నీళ్లలో పెట్టి వెచ్చబెట్టాను. ఉయ్యాల్లోంచి అక్షయని ఎత్తి ఆవిడ ఒళ్లో పడుకోబెట్టి, సీసా ఆవిడ చేతికిచ్చాను.

"అయ్యో, తబితాకి మూడే మిగులుతాయి కదే!" అన్నారు ఆవిడ.

"మళ్లీ తీసుకుంటాన్లెండి. మీరు పట్టండి."

గుమ్మంలో మా ఆయన వాచీ చూసుకుంటూ, "అమ్మా, టాక్సీ వచ్చింది, చెక్-ఇన్ టైము..." అన్నారు.

"నువ్వుండరా. పిల్ల పాలు తాగుతోంది" అన్నారు అత్తగారు.

ఆయన నోరు మూసుకుని పెట్టె పక్కనే కూర్చున్నారు. సీసా పూర్తయ్యేదాకా కింద టాక్సీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.